కాకిబంగారం

సైదాపురం షెడ్డులో మా అమ్మ పెంచలమ్మ
అభ్రకం రేకులు చీల్చేది.
చిటికెన వేలంత కత్తి. ఒళ్ళో గోనెపట్టా.
నీటిపచ్చ రాయిని గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని,
ఎక్కడ విడిపోతుందో విని
అక్కడే మొన దింపేది.
ఒకటి రెండయ్యేది, రెండు నాలుగు,
ఊపిరి తగిలితే ఎగిరేంత పల్చనయ్యేదాకా.

ఏడేళ్ళ నేను కింద పడ్డ తుక్కు ఏరేదాన్ని.
మా కంచాల్లో మెరుపు, తలల్లో మెరుపు,
దీపం పెడితే చాప మీద మెరుపు.
తినడానికి మాత్రం రేషను ఎర్రజొన్న.
అమెరికా ఓడలో వచ్చిందని గోతాం మీద రాసుందట.

ఆ ఏడు వానల్లేవు. అయినా కూలి పెరిగింది,
ఎనిమిదణాలు పన్నెండయ్యాయి.
మూలన పడేసిన చెత్తరకం పెట్టెలు కూడా
లారీలెక్కి మద్రాసు హార్బరుకు పోయాయి.
"మన రాయికి ఇంత గిరాకీ ఏందబ్బయ్యా?"
తూకం గుమాస్తా దస్తగిరి పేపరు మడత విప్పాడు.
"కొరియా అని ఒక దేశం, పెంచలమ్మా.
ముప్పై అయిదేళ్ళు జపానోడి కింద మగ్గింది.
వాడు ఓడిపోయి మూటగట్టుకుంటే
గెలిచినోళ్ళిద్దరూ వచ్చి
పటం మీద స్కేలు పెట్టి గీత గీసినారు.
పైది ఒకడికి, కిందిది ఒకడికి.
ఇప్పుడు అన్నదమ్ములు కొట్టుకుంటా ఉంటే
ఒకడు విమానాలిచ్చి పంపించె,
ఇంకొకడు విమానాలతో తానే దిగె.
విమానంలో రేడియో, రేడియోలో వాల్వు, వాల్వులో..."
ఆపేసి, అమ్మ ఒడి వైపు చూశాడు.

అమ్మ పటాన్ని చూస్తోంది.
వేలు నాలిక్కి తడుపుకుని గీత మీద పెట్టింది.
"అడ్డంగా కోసినారే" అంది.
"పొర ఎట్టా ఉండాదో చూసుకోవద్దా?
పొరెమ్మట పోతే రేకు. అడ్డం కోస్తే పొడే."
దస్తగిరి నవ్వలేదు.

ఎద్దుపుండు కాకికి నొప్పా అంటారు.
మా గుడిసెకు ఆ ఏడు కొత్త తాటాకు పడింది.
తమ్ముడికి చొక్కా. పాలిచ్చే మేక ఒకటి.
రోజూ పొద్దున్నే అమ్మ అడిగేది,
"ఇంకా జరగతా ఉండాదా అబ్బయ్యా?"
ఉందంటే కొంగు బిగించి కూర్చునేది.
అది జాలో, లెక్కో
నాకిప్పటికీ తేలలేదు.
ఆమెకూ తేలి ఉండదు.

యాభైమూడు, జూలై ఆఖరు.
పంచాయితీ అరుగు మీద కొత్తగా పెట్టిన రేడియో
యుద్ధం ఆగిందని చెప్పింది.
గీత మళ్ళీ దాదాపు గీత దగ్గరే ఉందట.
చచ్చినోళ్ళ లెక్కా చెప్పింది,
అప్పటికి నాకు నూటి దాకానే అంకెలొచ్చు.
ఎవరో చప్పట్లు కొట్టారు.
షెడ్డు ఆడవాళ్ళు కొట్టలేదు.
పై వారం సగం మందిని రావద్దన్నారు.

ఆ రాత్రి అందరూ లేచిపోయాక
రేడియో చూసే చెంచయ్యను అమ్మ బతిమాలింది,
వెనక అట్ట విప్పి చూపించమని.
లోపల గాజుబుడ్డి, ఇంకా వెచ్చగా.
అందులో తీగల్ని కదలకుండా పట్టుకుని
చిల్లులు పొడిచిన రేకు,
చిటికెనగోరంత.

అమ్మ చాలాసేపు వంగి చూసింది,
ఎగిరిపోతుందేమోనన్నట్టు ఊపిరి బిగబట్టి.
"ఇది నాది కాదు" అంది.
"అంచు చూడు, గరుకు. నేనిట్టా చీల్చను."
చెంచయ్య అట్ట మూసి మరలు బిగించాడు.

కైవల్య ఏటి ఎండు ఇసకలో దిగేటప్పుడు
ఇంకోసారి అంది,
ఎవరూ అడక్కుండానే.